పాత హ్యామ్ రేడియో హ్యాండ్‌బుక్‌లు: ఈ వానాకాలం పని లెక్క

షెల్ఫ్ ఎంతవరకు వచ్చింది

సేకరిస్తున్నది అమెరికాలోని హ్యామ్‌ల (సరదాకి సొంత రేడియో కేంద్రం నడిపేవాళ్ల) సంఘం అమెరికన్ రేడియో రిలే లీగ్ వేసిన ‘రేడియో అమెచ్యూర్స్ హ్యాండ్‌బుక్’. 1936 నుంచి 1950 దాకా పదిహేను ఎడిషన్లు. జూన్ నాటికి తొమ్మిది ఉన్నాయి, సెప్టెంబరు ఆఖరుకి పదకొండయ్యాయి. కొత్తగా చేరినవి 1941, 1947. ఇంకా రావాల్సినవి 1937, 1939, 1943, 1944.

ఎఫ్. ఇ. హ్యాండీ రాసిన మొదటి ఎడిషన్ 1926లో వచ్చింది. దొరికితే ఎవరూ వదలరు. కానీ డబ్బంతా దాని మీదే పెడితే మిగతా షెల్ఫ్ ఖాళీగా ఉండిపోతుంది. వాల్వు సెట్లు (ట్రాన్సిస్టర్లకి ముందు కాలపు గాజుగొట్టాల రేడియోలు) కట్టేవాళ్లకి పనికొచ్చే సరుకు ముప్ఫైల చివర, నలభైలలోనే ఉంది. అందుకే ఈ పదిహేనేళ్లు.

టైటిల్ పేజీ పోయిన ప్రతికి వయసు కట్టడం

కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదైనా, బెజవాడ లెనిన్ సెంటర్‌లోనైనా పాత టెక్నికల్ పుస్తకం చేతికొస్తే ముందు పోయి ఉండేది అట్ట, దాని వెంటే టైటిల్ పేజీ. అంత మాత్రాన పుస్తకాన్ని పక్కన పెట్టకండి. లోపలి విషయమే ఏడాది చెబుతుంది.

ఎడిషన్ సంఖ్య ఎక్కడైనా కనబడితే దానికి 1923 కలపండి, ఏడాది వచ్చేస్తుంది. 13వది 1936, 19వది 1942, 25వది 1948. 2023లో వచ్చిన నూరో ఎడిషన్‌కీ ఇదే లెక్క సరిపోతుంది. మొదట్లో మాత్రం సరిపోదు, ఎందుకంటే కొన్ని ఏళ్లలో ఒకటికి మించి ఎడిషన్లు వచ్చాయి. అందుకే 1930కి ముందువాటిని ఈ లెక్కతో కొనొద్దు. ఆ కాలపు ప్రతుల్లో ఎడిషన్ వేరు, ప్రింటింగ్ వేరు. రెండూ రాసుకోవాలి.

సంఖ్య కూడా దొరక్కపోతే బ్యాండ్ల (హ్యామ్‌లకి కేటాయించిన తరంగాల పరిధుల) పట్టిక తెరవండి. 56 మెగాసైకిళ్ల (ఇప్పటి మాటలో మెగాహెర్ట్‌జ్) ఐదు మీటర్ల బ్యాండ్ ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందుది. దాని చోట 50–54 మెగాసైకిళ్ల ఆరు మీటర్లు ఉంటే 1946 లేదా ఆ తర్వాతది. అమెరికా హ్యామ్‌లకి 21 మెగాసైకిళ్లు తెరిచింది 1952లో. ఆ బ్యాండ్ మీద పని చేసే ట్రాన్స్‌మిటర్లు నిండుగా ఉంటే మనకు కావలసిన కాలం దాటిపోయినట్టే. వాల్వుల పట్టికా సాక్ష్యమే. మెటల్ వాల్వులు బజారులోకి వచ్చింది 1935లో, కాబట్టి అవి ఉన్న పుస్తకం అంతకు ముందుది కాదు. చట్టం గురించిన అధ్యాయంలో ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో నియంత్రణ సంస్థ) పేరుంటే 1934 తర్వాతది. ట్రాన్సిస్టర్ మాట ఎక్కడ కనబడినా 1948 దాటినట్టు. ఒక్క గుర్తుతో తేల్చేయకండి. కనీసం రెండు కలవాలి, ఎందుకంటే పాత బొమ్మల్ని కొన్నేళ్లపాటు అలాగే తిరిగి వేస్తారు.

కొనేముందు అడగాల్సిన ఫోటోలు

దూరం నుంచి కొంటే అట్ట ఫోటో ఒక్కటీ చాలదు. టైటిల్ పేజీ, దాని వెనక పేజీ, ఇండెక్స్ ఆఖరి పేజీ, వెనక ఉన్న ప్రకటనల భాగంలో మొదటి పేజీ, చివరి పేజీ, నడిమధ్య తెరిచి పెట్టిన మడత, పక్క నుంచి వెన్ను. ఈ ఏడూ పంపమనాలి. ప్రకటనల భాగం లేని ప్రతిని ‘పూర్తి ప్రతి’ అని అమ్ముతుంటారు. అది పూర్తి కాదు. ఆనాటి ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్, కాయిల్ ఫార్మ్ (తీగ చుట్టే గొట్టం) ఎలా ఉండేవో, ఎంత ధరో తెలిసేది ఆ పేజీల్లోనే. పాత సెట్టు బాగు చేసేవాళ్లు ముందు తిరగేసేది వాటినే.

చేతికొచ్చాక ప్రతి పేజీ లెక్కపెట్టాలి. చివరి పేజీ నంబరు చూసి సరిపెట్టుకుంటే మధ్యలో ఊడిపోయిన ఫారం (కలిపి మడిచి కుట్టిన పేజీల కట్ట) కనబడదు. ఒక ఫారం పోతే పదహారు పేజీలు ఒక్కసారే పోతాయి, వెన్ను బిగుతుగా ఉంటే పైకి ఏమీ తెలియదు.

జులై: కొత్త ప్రతుల్ని వేరుగా ఉంచడం

1941 ప్రతి అట్ట లోపల రామబాణం పురుగులు తిన్న గుర్తులున్నాయి. ఇవి కాగితం పైపొరను గీరినట్టు తింటాయి, అంచులు వంకరటింకరగా పలచబడతాయి. గుండ్రటి సూది రంధ్రం పేజీల గుండా సొరంగంలా పోతే అది బీటిల్ పిల్ల పురుగు పని. రెంటికీ విరుగుడు ఒకటే, చలి. పుస్తకాన్ని పాత నూలుగుడ్డలో చుట్టి, జిప్ కవర్లో గాలి తీసి మూసి, మైనస్ 18 నుంచి 20 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి. ఇంటి ఫ్రిజ్ పై అర అన్నిసార్లూ అంత చల్లగా ఉండదు, థర్మామీటరు పెట్టి చూసుకోండి. బయటికి తీశాక కవర్ విప్పకుండా పూర్తిగా ఒక రోజు ఆగాలి. తొందరపడి విప్పితే గాలిలో తేమంతా చల్లటి కాగితం మీద నీరుగా దిగుతుంది, వానాకాలంలో మరీను.

బూజు చలికి చావదు, నిద్రపోతుంది అంతే. బూజు పట్టినదాన్ని నీడలో గాలి ఆడేచోట పూర్తిగా ఆరనిచ్చి, ఎన్95 మాస్కు పెట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో మడత నుంచి అంచు వైపుకి దులపాలి. తడిగా ఉండగా తుడిస్తే బూజు కాగితం పీచులోకి దిగి మచ్చ శాశ్వతమవుతుంది. ఎండలో పెట్టడం మన ఇళ్ల అలవాటే, కానీ చవక కాగితం ఎండకి త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది.

ఆగస్టు: లై కాయడం, చిరుగులు అతికించడం

మన బైండర్లు మైదా లైలో మైలతుత్తం కలుపుతారు, పురుగు రాకుండా. కొత్త రిజిస్టరుకి ఫరవాలేదేమో గానీ, ఎనభై ఏళ్ల కాగితానికి అది విషం. రాగి ఉప్పు కాగితం పీచును లోపలి నుంచి తినేస్తుంది, అతుకు చుట్టూ గోధుమరంగు పట్టీ తేలుతుంది. మైదాలోని జిగటా ఉండకూడదు. అది పురుగుని పిలుస్తుంది, ఎండాక బిగుసుకుంటుంది.

కావలసింది ఒట్టి గంజిపిండి. హల్వాకి గోధుమ పాలు తీసినట్టే. మైదాను గట్టి ముద్దగా కలిపి అరగంట నానబెట్టి, నీళ్లలో పిసుకుతూ పాలు తీయాలి. చేతిలో రబ్బరులా మిగిలేది పారేయాలి. పాలను పలచటి గుడ్డతో వడగట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లటి పిండి అడుగున పేరుతుంది. పై నీరు వంచేసి పిండిని ఆరబెట్టాలి.

ఒక వంతు పిండికి ఐదు వంతుల నీళ్లు, ఫిల్టర్ నీళ్లయితే మంచిది. ఇరవై నిమిషాలు నానాక సన్నటి సెగ మీద చెయ్యి ఆపకుండా పాతిక నిమిషాలు తిప్పాలి. మొదట చిక్కబడి, తర్వాత కొంచెం జారుగా అయి, అద్దంలా మెరుపొస్తుంది. ఆ మెరుపు రాకముందే దింపితే అతుకు నాలుగు రోజుల్లో ఊడుతుంది. చల్లారాక సన్నజల్లెడలో రెండుసార్లు రుద్ది వడగట్టి, వాడేముందు నీళ్లతో మీగడంత పలచన చేసుకోవాలి. ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. పులుపు వాసన వస్తే పారబోయండి.

అతుక్కి 9 నుంచి 12 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) జపనీస్ టిష్యూ, అంటే పలచటి పీచు కాగితం. కత్తెరతో కోయకూడదు. తడి బ్రష్‌తో గీత గీసి లాగితే అంచున పీచు నిలుస్తుంది, ఆ పీచే పేజీలో కలిసిపోతుంది. చిరుగుకి రెండు వైపులా మూడేసి మిల్లీమీటర్లు చాలు. 1941 ఇండెక్స్‌లో పన్నెండు సెంటీమీటర్ల చిరుగు ఇలాగే అతికింది, కింద అక్షరాలు చదవగలిగేంత పలచగా. అతికించాక పైనా కిందా అంటుకోని పాలియెస్టర్ గుడ్డ, దాని మీద బ్లాటింగ్ పేపర్, ఆపైన గాజుపలక, కిలోన్నర బరువు. పది నిమిషాలకి బ్లాటింగ్ పేపర్ మార్చి, ఆపైన రాత్రంతా వదిలేయాలి. మార్చకపోతే ఆ తేమకి పేజీ అలలు తిరుగుతుంది. లై పలచన ఎక్కువైతే అతుకు చుట్టూ నీటిచార ఏర్పడుతుంది, అది ఇక పోదు.

1947 ప్రతిలో ప్రకటనల పేజీలు కొన్ని నునుపు కాగితం. వాటికి లై తగలకూడదు. ఆ పూత తడిస్తే జిగురై పక్క పేజీకి అంటుకుంటుంది, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. ఆ పేజీల్లో రెండు చిరుగుల్ని అలాగే ఉంచి, ఒక్కొక్కదాన్ని పాలియెస్టర్ కవర్లో పెట్టడంతో సరి.

సెల్లోటేపును లాగకండి. హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద పైపొర లేస్తే చాలు. పసుపు మరక ఎలాగూ ఉంటుంది.

పెన్సిల్ రాత

1947 ప్రతిలో కాయిల్ పట్టిక పక్కన ఎవరో పెన్సిల్‌తో చుట్ల సంఖ్య దిద్ది, పక్కనే టిక్కు పెట్టారు. అంటే ఆ కాయిల్ చుట్టి, ట్యూన్ చేసి, అచ్చులోని సంఖ్య కన్నా తన చేతి లెక్కే కుదిరిందని తేల్చుకున్నారు. శుభ్రం చేసే పేరుతో ఎరేజర్ పెడితే ఆ జ్ఞానం పోతుంది. బ్రష్‌తో దుమ్ము దులపడం వరకే. ధర పలికేది శుభ్రమైన ప్రతికే కావచ్చు, షెల్ఫులో పెద్దపీట మాత్రం ఇలాంటి ప్రతికే.

సెప్టెంబరు: ఉంచే చోటు

ఇనప బీరువా వానాకాలంలో తేమను లోపలే పట్టేస్తుంది. ఇప్పుడు పుస్తకాలన్నీ తెరిచిన చెక్క షెల్ఫులో, గోడకి ఐదు సెంటీమీటర్ల ఎడంగా ఉన్నాయి. పక్కనే గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు. 45–55 శాతం మధ్య ఉంటే నిశ్చింత, 65 దాటితే ఫ్యాన్ వేస్తాం. కలరా ఉండలు వేయడం లేదు. ఆ వాసన కాగితానికి పట్టి ఏళ్ల తరబడి పోదు, పీల్చేవాళ్లకీ మంచిది కాదు. వేపాకు పేజీల మధ్య పెడితే ఆకు ఆకారంలో మరక పడుతుంది. కావాలంటే షెల్ఫు మూలన, గుడ్డసంచిలో.

ఇక మిగిలింది: 1936 ప్రతి వెన్ను వదులైంది, లోపలి కుట్టు గట్టిగానే ఉంది. దాన్ని బైండింగ్‌కి ఇవ్వడం లేదు. మరో బైండింగ్ అంటే అంచులు కోసేస్తారు, సర్క్యూట్ బొమ్మల కొసలు పోతాయి. యాసిడ్ లేని అట్టతో నాలుగు రెక్కల పెట్టె చేసి అందులో పడుకోబెట్టాలి. కొలతలు తీసుకోవడం అయింది, అట్ట రావాలి.