తిరగబడే బొంగరం: ఏడోది తలకిందులైంది

తిరగబడింది! నిన్న సాయంత్రం వరండా గచ్చు మీద వేస్తే ఏడో నమూనా ముందు ఓ పక్కకి వాలింది, వాలి వాలి కాడని నేలకి ఆనించింది, టక్కున లేచి ఆ కాడ మీదే నిలబడి తిరిగింది. మా మేనకోడలి కేకకి పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. మొత్తం పదిసార్లు వేస్తే ఎనిమిదిసార్లు తిరగబడింది.

ఇక అంతకుముందు ఆరూ ఎందుకు మొండికేశాయో రాసి పెట్టుకోవాలి.

అన్నిటికీ ఒళ్ళు దాదాపు ఒకటే. 36 మి.మీ. అంకుడు కర్ర గుండు, పైన 8 మి.మీ. కోసేసి, లోపల 22 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. లోతు గుంట. గుంట నడుమ 6 మి.మీ. లావు కాడ, ఫెవికాల్ ఎస్‌హెచ్‌తో దిగ్గొట్టింది. మొత్తం బరువు 11 గ్రాములు. బొమ్మల భద్రతా ప్రమాణంలో చిన్న ముక్కల్ని పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మి.మీ., గుండు అందులో దూరకూడదని 36 పెట్టాను. లేత్ పని ఏటికొప్పాకలో ఒక మేస్త్రి గారిది. త్రీడీ ప్రింట్ చేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు గానీ, లోపలంతా జాలీలా వచ్చే ముక్కలో బరువు ఎక్కడుందో లెక్క కట్టడం కష్టం. ఈ బొమ్మకి గట్టి కర్రే మేలు.

మొదటి మూడింటికీ కాడ గుంట అంచుకి పైన 10 మి.మీ. ఉండేది. వేయగానే చక్కగా నిద్రపోయేవి, అంటే ఊగకుండా నిటారుగా ఒకేచోట తిరిగేవి. మామూలు బొంగరానికి అది గొప్పే, నాకు అదే తంటా. వంచి వేసినా మళ్ళీ నిటారుగా లేచి నిద్రపోవడమే.

ముందు లక్క నునుపు మీద అనుమానం వచ్చింది. ఈ బొంగరాన్ని తిరగేసేది నేల రాపిడే కాబట్టి అడుగుని 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దాను. తేడా లేదు. తర్వాత వేగం. అంచు మీద సున్నం చుక్క పెట్టి ఫోన్లో సెకనుకి 240 ఫ్రేముల్లో తీశాను. నేను వేస్తే చుట్టుకి 14 ఫ్రేములు, అంటే సెకనుకి 17 చుట్లు. పాప వేస్తే 20 ఫ్రేములు, 12 చుట్లు. 17కీ కదల్లేదు. మూడో అనుమానం, నన్ను మూడు వారాలు తిప్పిన ఆలోచన: బరువు ఇంకా కిందకి దిగాలని. నాలుగోదానికి కాడ 8కి తగ్గించాను, అయిదోదానికి గుంట 14 లోతు చేయించాను. రెండూ ఇంకా హాయిగా నిద్రపోయాయి.

మేస్త్రి గారు మొదటి రోజే అన్నారు, “కాడ ఇంకాస్త ఉండాలి బాబూ, పట్టుకోడానికైనా” అని. ఆయన మాటే నిజమైంది, కారణం మాత్రం వేరు.

గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రీకరించినట్టుండే బిందువు, గుండు కేంద్రం కంటే కిందుండాలి, అది సరే. దానితోపాటు జడత్వ భ్రామకం, అంటే తిప్పబోతే వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకె, కాడకి అడ్డంగా తిప్పినప్పటిదాన్ని కాడ చుట్టూ తిప్పినప్పటిదానితో భాగిస్తే వచ్చే సంఖ్య ఒక హద్దు దాటాలి. గరిమనాభి ఎంత దిగిందో దాన్ని వ్యాసార్ధంతో భాగించి, 1లోంచి తీసేస్తే ఆ హద్దు. 10 మి.మీ. కాడకి హద్దు 0.834, నాది 0.824. ఎంత గట్టిగా తిప్పినా తిరగబడదు! కాడ పెంచితే గరిమనాభి కాస్త పైకొస్తుంది, కానీ పొడుగు వల్ల అడ్డం భ్రామకం అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. 15కి హద్దు 0.845, వచ్చింది 0.859. ఆ లెక్కతోనే ఆరోది చేయించాను. నా చేతికి వాలింది, పాప చేతికి వాలలేదు. వాలినప్పుడు కూడా కాడ నేలని అందుకునేలోపే గుండు అంచు గచ్చుని గీరుకుని పడిపోయింది. కాగితం మీద గీసి చూస్తే కాడ అంచుపైన కనీసం 18 ఉండాలని తేలింది. ఏడోదానికి 20 పెట్టాం: హద్దు 0.859, వచ్చింది 0.907.

నూనె రాసిన స్టీలు పళ్ళెంలో ఏడోదీ తిరగబడలేదు. పాపకి రాపిడి గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి ఆట నాకు తట్టలేదు. 1951లో స్వీడన్‌లోని లుండ్‌లో భౌతిక శాస్త్రవేత్తలు నీల్స్ బోర్, పౌలీ నడుం వంచి ఇలాంటి బొంగరాన్నే చూస్తున్న ఫొటో చూపిస్తే, “వాళ్ళదీ మొదట నిద్రపోయిందా మావయ్యా?” అంది.

ఆ ప్రశ్నతో బొమ్మ రూపమే మార్చేస్తున్నాను. కాడ అతికించను. ఒకే ఒళ్ళు, 10, 15, 20 మి.మీ. కాడలు మూడు, మూడు లక్క రంగుల్లో. ఏది నిద్రపోతుందో, ఏది తిరగబడుతుందో పిల్లలే మార్చి మార్చి కనుక్కుంటారు. విడి కాడలు చిన్న ముక్కలు కాబట్టి పసిపిల్లలున్న ఇంట్లో కుదరదు, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకే. వచ్చే ఆదివారం మేస్త్రి గారి దగ్గర రెండు జతలు పట్టించాలి, ఒకదానికి కాడ అడుగు తిన్నగా, రెండోదానికి కొంచెం మొనతేలేలా. వానాకాలం చెమ్మకి ఏది బిగుసుకుపోతుందో, ఏది వదులవుతుందో నెల రోజులు వంటింటి గూట్లో పెట్టి చూడాలి.