గోడమీద పలక

గుంటూరు బ్రాడీపేటలో నేను ఆక్యుపంక్చర్, అంటే ఒంట్లో సన్నని సూదులు గుచ్చి చేసే వైద్యం, చేసే గదిలో గోడకు ఒక పలక ఉంటుంది. పెట్టిన సూదులెన్ని, తీసినవెన్ని, సుద్దముక్కతో రాస్తాను.

అది ఒక పెద్దావిడ వల్ల వచ్చింది. మోకాళ్లకి, తలనొప్పికి కలిపి 12 సూదులు పెట్టాను. బయట జనం. హడావుడిగా తీసేసి పంపించాను. సాయంత్రం కోడలు ఫోన్: "డాక్టరు గారూ, జడ వేస్తుంటే అత్తయ్యగారి తలలో సూది తగిలిందండీ." తీసినవి 11. వాళ్లింటికి పరుగెత్తాను. "నొప్పేం లేదులే నాయనా" అన్నారావిడ. ఆ మాటకి మరీ సిగ్గేసింది.

ఒకసారి వాడిన సూది మళ్లీ వాడకూడదని అందరికీ తెలుసు. నాకు ఎక్కువ భయం భుజం పైభాగమంటే. ఊపిరితిత్తి పైకొన అక్కడికి చాలా దగ్గర, బక్కపలచని వాళ్లలో మరీను. లోతుగా గుచ్చితే చిల్లుపడి ఛాతీలో గాలి చేరుతుంది. ఆయాసం వెంటనే రాకపోవచ్చు, కొన్ని గంటలు పట్టొచ్చు. అందుకే ప్రతివాళ్లకీ చెబుతాను: ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో పొడిచినట్టున్నా నాకోసం ఆగొద్దు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి, సూదులు వేయించుకున్నామని అక్కడ చెప్పండి.

మన గుంటూరు ఎండల్లో ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లూ ఉంటారు. కూర్చోబెట్టి సూది పెడితే కళ్లు తిరుగుతాయి. ముందు ఏదైనా తినిపించి, పడుకోబెట్టే మొదలుపెడతాను. గర్భమా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, గుండె సరిగా కొట్టుకునేలా చూసే పేస్‌మేకర్ యంత్రం ఒంట్లో ఉందా అని అడుగుతాను. కొందరికి సూదులకు సన్నగా కరెంటు కూడా పెడతాం; పేస్‌మేకర్ ఉంటే అది పెట్టను. నేను అడగడం మరిచిపోతే దయచేసి మీరే చెప్పండి.