డిశ్చార్జ్ రాశాక

పోయిన సెలవుల్లో విశాఖ వచ్చినప్పుడు, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ అక్క కూతురు అడిగింది. "మావయ్యా, ఇంగ్లండ్‌లో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ చదివితే హాస్పిటల్ మేనేజర్ అయిపోవచ్చంట కదా?" బీఫార్మసీ ఆఖరి ఏడాది చదువుతోంది. చేతిలో ఎవరో కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన రంగుల కాగితం.

నేను వెళ్లకముందు ఆరిలోవ హెల్త్ సిటీలో ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో మూడేళ్లు పనిచేశాను. డాక్టరు పొద్దున్నే డిశ్చార్జ్ రాసేసేవాడు. ఆ తర్వాత మొదలయ్యేది మా పని. బిల్లు తయారుచేసి, బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏకి పంపితే వాళ్లు ఒక క్వెరీ పెట్టేవారు. దానికి జవాబు పంపితే ఇంకోటి. ఒకసారి పాడేరు నుంచి వచ్చిన పెద్దాయనకి ఇలాగే సాయంత్రం అయిపోయింది. కొడుక్కి పరవాడ ఫార్మా కంపెనీలో ఉద్యోగం, తండ్రికీ కంపెనీ బీమా ఉంది. ఆఖరి బస్సు పోతుందని ఆ కుర్రాడు కౌంటర్ దగ్గరే నిలబడిపోయాడు. డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ చెప్పింది 2024లో. అప్పటికి నేనిక్కడ లేను.

2021లో ఇంగ్లండ్ వెళ్లి ఏడాది ఎమ్మెస్సీ చేశాను. క్లాసులో లీడర్‌షిప్ గురించి చాలా చెప్పారు. బయటికొచ్చాక దొరికింది వార్డు క్లర్క్ పని. ఫోన్లు ఎత్తడం, ఫైళ్లు వెతకడం. ఇంట్లో మాత్రం "హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్" అనే చెప్పాను. అబద్ధమేం కాదు కదా! ఎనిమిది నెలల తర్వాత పడకలు చూసే టీమ్‌లోకి ఇంటర్వ్యూకి పిలిచారు. ఒత్తిడిలో పనిచేసిన అనుభవం ఏదైనా చెప్పమంటే పాడేరు బస్సు కథే చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

అక్కడ ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని నాలుగు గంటల్లో చేర్చుకోవడమో, వేరే చోటికి పంపడమో, ఇంటికి పంపడమో జరగాలని లెక్క. పైన వార్డులో మంచం ఖాళీ అయితేనే కింద ఉన్నవాళ్లు కదులుతారు. ప్రభుత్వ ఆసుపత్రి, రోగికి బిల్లు లేదు. ఇంకేం, డాక్టరు రాయగానే వెళ్లిపోతారనుకున్నాను. తుంటి ఎముక విరిగిన ఒక ముసలావిడకి సోమవారం డిశ్చార్జ్ రాస్తే పదకొండో రోజుకి గానీ ఇల్లు చేరలేదు. పడకగది మేడమీద, ఆవిడ మెట్లెక్కలేదు. మంచం కిందికి దింపాలి, రోజుకి నాలుగుసార్లు మనిషి వచ్చి చూసుకునే ఏర్పాటు స్థానిక కౌన్సిల్ చెయ్యాలి. రోజూ ఉదయం మీటింగ్‌లో ఆవిడ పేరు చదివేవాళ్లం, ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసుకునేవాళ్లం. కొడుకు ఉన్నాడు, వేరే ఊళ్లో. తప్పుపట్టను, నేనూ మా అమ్మకి దూరంగానే ఉన్నాను.

విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ వరండాల్లో చాపలేసుకుని పడుకునే పేషెంట్ తాలూకు వాళ్లని చూసి ఒకప్పుడు విసుక్కునేవాణ్ణి. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి ఒక్క రోగి వెంట నలుగురు. ఆ నలుగురు చేసే పనికి అక్కడ మేం పదకొండు రోజులు ఫోన్లు చేశాం.

ఇదంతా చెబితే మేనకోడలికి నచ్చలేదు. "అయితే వద్దంటావేటి?"

వద్దనలేదు. లెక్క చెప్పాను. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా నాకు రెండేళ్లు దొరికింది. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి ఏడాదిన్నరే. ఆలోపు వర్క్ వీసాకి స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఉద్యోగం పట్టాలి. వార్డు క్లర్క్ పనికి అది రాదు, మేనేజర్ స్థాయికి ఎక్కాలి. నాకు ఆ స్పాన్సర్‌షిప్ వీసా ఇంకో రెండు నెలల్లో అయిపోతుందనగా వచ్చింది. ఆ టెన్షన్‌లో ఆరు కిలోలు తగ్గాను. ముందు ఇక్కడే ఏదైనా ఆసుపత్రిలో రెండేళ్లు చెయ్యమన్నాను. బిల్లింగ్ గానీ, ఆరోగ్యశ్రీ డెస్క్ గానీ, ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ ఫైళ్లు చూసే క్వాలిటీ విభాగం గానీ. ఆ అనుభవమే నాకు అక్కడ అన్నం పెట్టింది.

ఆ రంగుల కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. పారెయ్యలేదు.

"ఇంతకీ ఆ పాడేరు వాళ్లకి బస్సు దొరికిందా మావయ్యా?"

దొరకలేదు. ఆ రాత్రి తండ్రీకొడుకులిద్దరూ ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనే పడుకున్నారు.