లోక మర్యాదను అనుసరించకపోవడం ఆచరణలో ఎలా ఉంటుంది?

"ఈ లోక మర్యాదను అనుసరింపక" అని పౌలు రాసిన రోమా పత్రిక 12:2 మీద ప్రసంగం అనగానే వేషధారణ, వినోదం, మద్యం గుర్తొస్తాయి. చాలాసార్లు చర్చ అక్కడే ఆగిపోతుంది కూడా. పౌలు మాత్రం ఆ అధ్యాయంలో ముందుకు వెళ్లి వేరే సంగతులు చెప్పాడు: తన్ను తాను ఎక్కువగా ఎంచుకోవద్దు, అవసరంలో ఉన్న పరిశుద్ధులకు ఇవ్వండి, తగ్గువారితో కలిసి ఉండండి, పగ తీర్చుకోకండి, శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టండి. బట్టల ఊసే లేదు. హోదా, డబ్బు, పగ, ఈ మూడింటి దగ్గరే లోకం మనల్ని గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ అందరిలాగే ఉంటూ బయటికి వేరుగా కనబడితే మనం లోకాన్ని అనుసరిస్తున్నట్టే.

దానియేలు మొదటి అధ్యాయం నెమ్మదిగా చదవాలి. యూదా నుంచి బందీగా బబులోనుకు తీసుకెళ్లిన యువకుడు దానియేలు. అక్కడ అతనికి బెల్తెషాజరు అని పేరు పెట్టారు. కల్దీయుల భాష, విద్య నేర్పారు, రాజు కొలువుకు సిద్ధం చేశారు. వీటికి అతను అడ్డు చెప్పినట్టు ఎక్కడా లేదు. రాజు భోజనం, ద్రాక్షారసం దగ్గర మాత్రం ఆగాడు. ఆగిన తీరు గమనించండి. ముందే మనసులో నిశ్చయించుకున్నాడు. పై అధికారిని వినయంగా అడిగాడు. మీరు చిక్కిపోయి ఉండడం రాజు చూస్తే నా తల పోతుందని ఆ అధికారి భయపడ్డాడు. అప్పుడు దానియేలు తమను చూసుకునే కింది అధికారి దగ్గరికి వెళ్లి పది రోజులు శాకాహారం, నీళ్లు ఇచ్చి చూడమన్నాడు, ఆ తర్వాత మీకు తోచినట్టు చేయండి అన్నాడు. తన పట్టుదలకు ఎదుటివాడు బలి కాకుండా జాగ్రత్తపడ్డాడు. మనలో చాలామంది తప్పేది ఇక్కడే. విశ్వాసం పేరుతో మొండికేస్తాం, ఆ భారమేమో పక్కవాడు మోస్తాడు.

ఆఫీసులో పాత తేదీ వేసి సంతకం పెట్టమన్నారనుకోండి. "నేను క్రైస్తవుణ్ణి, చేయను" అంటే మాట అక్కడే తెగిపోతుంది. "ఈ రోజు తేదీతో ఇప్పుడే సంతకం చేస్తాను. ఆలస్యానికి కారణం నేనే రాసి జతచేస్తాను, అడిగితే జవాబు నేనే చెప్తాను" అంటే అబద్ధం ఆగుతుంది, పని జరుగుతుంది, నష్టం ఏదైనా ఉంటే మన మీదే పడుతుంది. నా దృష్టిలో ఈ చివరిదే అసలు గుర్తు.

ఎక్కడ లొంగిపోయామో తెలుసుకోవాలంటే ఒక సాయంత్రం చాలు. గత 3 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, పెద్ద ఖర్చుల పక్కన అవి ఎవరి మెప్పు కోసం చేశామో రాయండి. ఇంటికి భోజనానికి పిలిచినవాళ్ల పేర్లు రాసి, లూకా 14:12-14 చదివి, వాళ్లలో మనల్ని తిరిగి పిలవలేనివాళ్లు ఎందరో లెక్కపెట్టండి. మాట్లాడడం మానేసినవాళ్ల పేర్లు కూడా రాయండి. ఈ మూడో జాబితాయే ఎక్కువ బాధపెడుతుంది. మార్పు మాత్రం ఒక్కదానితో మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ఏదీ నిలవదు.

సంఘానికీ ఒక లోక మర్యాద ఉంటుంది, దాన్ని గుర్తుపట్టడం ఇంకా కష్టం. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి నిలబడే చోటు చూపిస్తున్నారని యాకోబు తన పత్రికలో మందలించింది విశ్వాసులనే. ముందు వరుస ఎవరిది, కమిటీలో ఎవరున్నారు, ఎవరి తప్పును మెల్లగా కప్పేస్తున్నారు, ఇవి చూడాలి.

ఒకచోట ధైర్యంగా నిలబడినవాళ్లు మరోచోట చూడకుండా పోవచ్చు. 1933లో జర్మనీలోని ప్రష్యా ప్రొటెస్టంట్ సంఘం, యూదు వంశంలో పుట్టిన పాదిరులను తొలగించే నియమాన్ని ఆమోదించింది. నాజీ భావజాలం సంఘంలోకి రాకుండా ఎదిరించినవాళ్లు 1934 మేలో బార్మెన్‌లో 6 అంశాల ప్రకటన చేశారు. ప్రాణాలకు తెగించిన పని అది. అయినా ఆ ప్రకటనలో యూదుల ప్రస్తావన లేదు.

అందుకే ఆ మూడు జాబితాలను మన నేపథ్యం, మన ఆదాయం కాని విశ్వాసి ఒకరికి చూపించండి. మనకు అప్పుపడ్డవాళ్లు, మన కింద పనిచేసేవాళ్లు వద్దు, వాళ్లు నిజం చెప్పలేరు. ఆయన మాట్లాడుతుంటే సమర్థించుకోకుండా రాసుకోండి. జవాబు ఒక వారం తర్వాత ఇవ్వొచ్చు.