‘దారి లేదు’ అని చెప్పడానికి 52 సెకన్లు

రెండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక టర్న్ బేస్డ్ (వంతులవారీగా ఆడే) స్ట్రాటజీ గేమ్ రాసుకుంటున్నాను. అమ్మడానికి కాదు, సరదాకే. 120 అడ్డం, 80 నిలువు, మొత్తం 9600 ఆరుమూలల గడుల మ్యాప్, నాకు ఎదురుగా ఆరు కంప్యూటర్ రాజ్యాలు. మొదట్లో ఎండ్ టర్న్ నొక్కగానే మళ్లీ నా వంతు వచ్చేసేది. 150వ టర్న్ దాటిందా, నొక్కి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చినా కర్సర్ ఇంకా గిర్రున తిరుగుతూనే ఉండేది. మా పిన్ని కొడుక్కి ఆడమని ఇస్తే, "అన్నా, ఇది హ్యాంగ్ అయిపోయింది" అని మూసేశాడు. హ్యాంగ్ కాలేదురా, ఆలోచిస్తోంది అన్నాను. ఏం ఆలోచిస్తోందో నాకూ తెలీదు, అది వేరే సంగతి.

కొలిస్తే ఒక్క టర్న్‌కి 52 సెకన్లు.

యుద్ధం ఎప్పుడు చెయ్యాలి, ఊరు ఎక్కడ కట్టాలి అనే కోడ్ బాగా తెలివిగా రాశానని నాలో నేనే మురిసిపోయేవాడిని కాబట్టి, అనుమానం ముందు దాని మీదికే పోయింది. శని, ఆదివారాలు కూర్చుని ఆ తెలివిని సగానికి సగం కోసేశాను. 52 కాస్తా 49 అయింది. అప్పుడు బుద్ధొచ్చి, కోడ్‌లో ఏ భాగానికి ఎంత టైము పడుతోందో కొలిచే ప్రొఫైలర్ పెట్టి నడిపితే, టైమంతా ఒకే ఒక్క ఫంక్షన్ తినేస్తోంది. దారి వెతికేది.

దారికి నేను వాడింది అందరూ వాడే ఏ-స్టార్. 1968లో హార్ట్, నిల్సన్, రాఫెల్ అనే ముగ్గురు దాన్ని ప్రచురించారు, షేకీ అనే రోబో మీద పని చేస్తూ కనిపెట్టినది. ఇప్పటిదాకా నడిచిన ఖర్చుకి గమ్యం ఇంకా ఎంత దూరమో ఒక అంచనా కలిపి, మొత్తం ఏ గడికి తక్కువొస్తే దాన్ని ముందు తెరుస్తుంది. నేను చేసిన మొదటి వెధవ పని, తెరవాల్సిన గడులన్నీ మామూలు లిస్ట్‌లో పడేసి ప్రతిసారీ చిన్నది ఏదా అని మొత్తం వెతకడం. అన్నిటికన్నా చిన్నదాన్ని ఎప్పుడూ పైనే ఉంచే హీప్ పెట్టాను, నాలుగు లైన్ల మార్పు, 30 సెకన్లకి దిగింది. అక్కడితో ఆగిపోయేవాడినే గానీ, ఎందుకో ప్రతి వెతుకులాటకీ ఎన్ని గడులు తెరిచిందో ప్రింట్ చేసి చూశాను.

నూటా ఇరవై, ఎనభై, రెండొందలు, ఇలా చిన్న చిన్న అంకెలు పోతూ పోతూ మధ్యలో ఒక్కసారి 5412. మళ్లీ 5412. మళ్లీ అదే, వరసగా పదకొండు సార్లు! ఏమిటా అని చూస్తే ఒక రాజ్యానికి సముద్రంలో పదకొండు ఓడలున్నాయి, అవి దాడి చెయ్యాలనుకుంటున్న రేవు మాత్రం ఒక సరస్సు ఒడ్డున ఉంది. సరస్సుకీ సముద్రానికీ సంబంధం లేదు. దారి ఉంటే ఏ-స్టార్ గమ్యం దొరకగానే ఆగిపోతుంది, లేకపోతే లేదని తేలడానికి సముద్రంలోని ప్రతి గడినీ తెరిచి చూడాల్సిందే. మొదటి ఓడ సముద్రమంతా గాలించి లేదంటుంది, రెండోది దాని మాట నమ్మకుండా మళ్లీ మొదటినుంచి గాలిస్తుంది. పైగా వచ్చే టర్న్‌లో మళ్లీ అదే రేవు మీద ఆశ.

మందు చాలా తేలిక. మ్యాప్ తయారైనప్పుడే ఒకదానికొకటి అంటుకుని ఉన్న నీటికంతా ఒక నంబరు, నేలకంతా ఒక నంబరు ఇచ్చేశాను. రెండు చోట్ల నంబర్లు వేరైతే అసలు వెతకనే వెతకం. 30 నుంచి 6 సెకన్లకి పడిపోయింది. (తర్వాత నేనే ఒక కాలువ తవ్వి రెండు నీళ్లని కలిపి, నంబర్లు మార్చడం మర్చిపోయి, ఓడలు కదలట్లేదేంటని ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను.)

ఇక మిగిలింది కొండ కనుమ గొడవ. వెడల్పు ఒక్క గడి. అందులో మనవాడు ఒకడు నిలబడ్డాడంటే వెనక ఉన్నవాళ్లందరికీ అది గోడలాగా కనిపించి, మొత్తం కొండ చుట్టూ తిరిగే దారి పట్టేవాళ్లు. రెండడుగులు వేశాక ముందువాడు కదిలితే కనుమ ఖాళీ అయ్యేది, మళ్లీ అందరూ వెనక్కి. గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతూనే ఉండేవాళ్లు. సొంత మనిషి ఉన్న గడిని గోడ అనకుండా కాస్త ఎక్కువ ఖర్చు గడి అన్నాను, గమ్యానికి దగ్గరగా ఉన్నవాడిని ముందు కదిలించాను. క్యూ కట్టడం నేర్చుకున్నారు.

రోడ్ల సంగతి మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మామూలు గడికి 3 పాయింట్లు, రోడ్డు మీద 1. ఏ-స్టార్‌కి కావాల్సిన మిగతా దూరం అంచనాని గడికి 3 చొప్పున కడితే వేగంగా ఉంటుంది గానీ, పక్కనే రోడ్డు పెట్టుకుని బయళ్లలో పడి నడుస్తారు. 1తో కడితే దారి తప్పు రాదు, కానీ చాలా ఎక్కువ గడులు తెరవాలి. ప్రస్తుతానికి 2 పెట్టాను. ఎంత చెత్త దారి పట్టినా అసలు దారికి రెట్టింపు ఖర్చు మించదు, సిపాయిలేగా, నడుస్తారు.

ఒక్కో సైనికుడు పది గమ్యాలకి పదిసార్లు వెతికే పద్ధతి తీసేసి, డైక్‌స్ట్రా పద్ధతిలో (గమ్యం అంచనా లేకుండా, తక్కువ ఖర్చు గడి నుంచి మొదలుపెట్టి అన్ని వైపులా వెతికేది) వాడున్న చోటునుంచి ఒక్కసారి చుట్టూ పాకించి పదింటి దూరాలూ ఒకేసారి తీసుకున్నాక, 6 కాస్తా 2 సెకన్లు అయింది.

మళ్లీ తమ్ముడికి ఇచ్చాను. పది నిమిషాలు ఆడి, "అన్నా, మరీ ఫాస్ట్ అయిపోయింది, వాడు నా ఊరెప్పుడు లాక్కున్నాడో కూడా చూడలేదు" అన్నాడు. దాడి జరిగిన ప్రతిచోటా అర సెకను ఆగేలా నా చేత్తో నేనే ఒక లైను రాశాను.