మూడు వందల అడుగుల సైడ్‌వాక్

మొన్న శుక్రవారం ఈమెయిల్ వచ్చింది. మా పాప స్కూలు దారిలో సైడ్‌వాక్, అంటే రోడ్డు పక్క నడక దారి, లేని ముక్క మొత్తానికి కౌంటీ (మన జిల్లాలాంటిది) పనుల జాబితాలోకి ఎక్కింది. పదిహేను నెలలు తిరిగాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మేముండేది ఉత్తర వర్జీనియాలో. మా కాలనీ ముందు సైడ్‌వాక్ ఉంది, స్కూలు ముందూ ఉంది. మధ్యలో మూడు వందల అడుగులు మాత్రం గడ్డి, వాన నీళ్ల కాలువ. ఇక్కడ బిల్డరు రీజోనింగ్, అంటే స్థలం వాడకం మార్చే అనుమతి, అడిగినప్పుడు తన స్థలం ముందు ఫలానావి కట్టిస్తానని రాసిస్తాడు, దాన్ని ప్రాఫర్ అంటారు. మధ్యలో పాత ఇంటాయన స్థలం అమ్మలేదు, రాసిచ్చేవాడూ లేడు. పిల్లలు మాత్రం బురదలో నడుస్తున్నారు.

సూపర్‌వైజర్, అంటే కౌంటీ బోర్డుకి మేం ఎన్నుకున్న మెంబరు, ఆఫీసుకి ఈమెయిల్ పెట్టాను. రెండు రోజుల్లో జవాబు: "ఆ రోడ్డు మాది కాదు."

ఇంటి పన్ను కౌంటీకి, కారు పన్ను కౌంటీకి, ఇన్ని వందల ఇళ్లకి పర్మిషన్ ఇచ్చింది కౌంటీ. రోడ్డు మాత్రం మాది కాదట! వెతికి చూస్తే నిజమే. 1932లో వర్జీనియా చేసిన చట్టంతో కౌంటీల రోడ్లు రాష్ట్రం చేతిలోకి వెళ్లాయి. ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలు మాత్రం తమ రోడ్లు సొంతంగా చూసుకుంటాయి. పోనీ స్కూలు బోర్డుని అడుగుదామంటే దానికి పన్ను వేసే అధికారమే లేదు, కౌంటీ ఇచ్చిన డబ్బుతోనే బతకాలి. తిరిగి తిరిగి కౌంటీ గుమ్మానికే వచ్చాను.

కిందటేడు మార్చిలో కౌంటీ బడ్జెట్ మీద పబ్లిక్ హియరింగ్, అంటే బోర్డు ముందు జనం మాట్లాడే మీటింగ్. అప్పుడు మావయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, ఆయన్నీ తీసుకెళ్లాను. రెండున్నర గంటలు కూర్చున్నాం. ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకి ఒక్క సెంటు పన్ను తగ్గించాలా వద్దా అని అందరూ కొట్టుకుంటున్నారు. ఆ సెంటు తగ్గించమన్నవాళ్లే రెండో వాక్యంలో లైబ్రరీ ఇంకో గంట తెరవమంటారు.

నా పేరు పిలిచారు. ఆఫీసులో ఐదు వందల మంది ముందు మాట్లాడినవాణ్ణి, మైకంటే నాకేం భయం? ఏడు పేజీలు రాసుకెళ్లాను. బోర్డుకి నమస్కారాలు, నా పరిచయం, ప్రాఫర్ల చరిత్ర, 1932 చట్టం... మాట్లాడే టైము చూపించే పచ్చ లైటు పసుపైంది. తొందరలో మూడో పేజీ జారి కింద పడింది. వంగి తీసుకుని లేచేసరికి ఎర్ర లైటు. "మా పాప రోజూ..." అన్నానంతే, "థాంక్యూ సర్, నెక్స్ట్" అన్నారు. మీటింగంతా లైవ్. నేను వంగిన ఫోటో పావుగంటలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షం. సైడ్‌వాక్ కావాలని బొటనవేళ్లు పెట్టినవాళ్లు రెండు వందల మంది, హియరింగ్‌కి వచ్చినవాళ్లు ఇద్దరు. ఆ గ్రూపుని ఇప్పటికీ మ్యూట్‌లోనే ఉంచాను.

కార్లో మావయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అల్లుడుగారూ, కావాల్సింది చివర్న అడుగుతారా ఎవరైనా? మా గ్రామసభలో ముందు అడిగేసి, టైముంటే తర్వాత తిట్టేవాళ్లం" అన్నారు. ఆయన ఒకప్పుడు వార్డు మెంబరు.

ఈ మార్చిలో మళ్లీ వెళ్లాను. చేతిలో ఒక్క ఫోటో, బురద పట్టిన పాప బూట్లది. "మూడు వందల అడుగుల సైడ్‌వాక్ డిజైన్‌కి ఈ ఏడు డబ్బు పెట్టండి" అనేది మొదటి వాక్యం. నలభై సెకన్లలో ముగించి కూర్చున్నాను. ఒక మెంబరు ఆ రోడ్డు పేరు మళ్లీ అడిగి రాసుకుంది.

మీరూ వెళ్లేటట్టయితే, బడ్జెట్ పాసయ్యాక వెళ్లి లాభం లేదు. ఏప్రిల్ దాటితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. చట్టం ఎవరికీ వివరించకండి, వాళ్లకి తెలుసు.

జులై 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, డిజైన్ డబ్బు అప్పుడు. కట్టేది ఎప్పుడో ఈమెయిల్లో లేదు. పాపకి ఈ స్కూల్లో మిగిలింది రెండేళ్లే. మావయ్యగారికి ఫోన్ చేసి చెబితే, "ఎన్ని అడుగులన్నారూ?" అని రెండుసార్లు అడిగారు.