అమ్మ పిన్నీసు, ఇత్తడి గూడు: బ్లోయర్ మోటారుకు బ్రష్ హోల్డర్ చేసిన కథ

ఏప్రిల్ 13

రేణిగుంట రోడ్డులో పాత కార్ల సామాన్లు అమ్మే ఒక అంగట్లో 150 రూపాయలకు బ్లోయర్ మోటారు తెచ్చాను. కారు ఏసీలో గాలి తోసే మోటారు, 12 వోల్టులది. చంద్రగిరి దాటాక ఉండే మా ఊళ్లో ప్రతి ఏడూ విత్తనాలకు శెనక్కాయలు ఒలిచాక అమ్మ చేట పట్టుకుని పొట్టు చెరుగుతూ కూర్చుంటుంది. సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. బ్యాటరీ మీద నడిచే చిన్న గాలిపెట్టె ఒకటి చేసివ్వాలని రెండేళ్లుగా అనుకుంటున్నా. విత్తనం వేసే జూన్, జూలై లోపల అయిపోవాలి.

ఇంటికొచ్చి విప్పితే అయస్కాంతాలు బాగున్నాయి. కమ్యుటేటర్ అంటే తిరిగే ఇరుసు మీద రాగి ముక్కలు చుట్టూ పేర్చిన గుండ్రటి భాగం. దాని మీద పక్కపక్క రాగి ముక్కల మధ్య మల్టీమీటరు పెట్టి చుట్టూ తిప్పాను. అన్నిచోట్లా ఒకే రీడింగ్. అంటే ఆర్మేచర్ వైండింగ్, లోపల తిరిగే భాగానికి చుట్టిన రాగి తీగ, పోలేదు. పోయిందల్లా బ్రష్షులు, అంటే కమ్యుటేటర్‌ను ఒరుసుకుంటూ దానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, కూర్చునే ప్లాస్టిక్ పలక. ఒక హోల్డర్ కరిగి బ్రష్షు ఏటవాలుగా ఇరుక్కుపోయి ఉంది. ఇరుక్కున్న బ్రష్షు కమ్యుటేటర్‌ను సరిగా తాకదు, నిప్పురవ్వలు వస్తాయి, ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి మరింత ఇరుకుతుంది. బంగారం లాంటి మోటారు ఇంత చిన్న గూడు పాడై పాత సామాన్లలో పడింది.

మిక్సీలకైతే ఇత్తడి హోల్డర్లు రిపేరు అంగళ్లలో విడిగా దొరుకుతాయి. కొని వేసుకోవడమే మంచిది. ఈ మోటారు కొలతకు అవి పట్టవు. కమ్యుటేటర్ అడ్డంగా 22 మిల్లీమీటర్లు, చుట్టూ ఉన్న చోటు చాలా తక్కువ. కాబట్టి నేనే చేయాలి.

ఏప్రిల్ 20

మొదటి ప్రయత్నం అన్నిటికన్నా సులువైనది. బొమ్మ కార్లలో ఉండే చిన్న మోటార్లలో హోల్డరే ఉండదు, పలుచటి లోహపు రేకు కొసలు నేరుగా కమ్యుటేటర్‌ను ఒరుసుకుంటాయి. అదే పద్ధతిలో పాత రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) లోంచి తీసిన రెండు స్ప్రింగు రేకుల కొసన చిన్న కార్బన్ ముక్కలు కట్టాను. ఆ ముక్కలు వాడేసిన టార్చి బ్యాటరీ నడుమ ఉండే కడ్డీ నుంచి కోసినవి.

మోటారు తిరిగింది. వేగం పెరిగేకొద్దీ రేకు అదరడం మొదలైంది. చీకట్లో చూస్తే కమ్యుటేటర్ చుట్టూ నీలం రంగు వలయం. ఫ్యాను రెక్క తగిలించి మూడు ఆంపియర్ల మీద పావుగంట నడిపితే రేకు వేడెక్కి బిగువు పోయింది. అర ఆంపియరు లోపు తాగే మోటార్లకు ఈ పద్ధతి చాలు, పిల్లల సైన్సు ప్రాజెక్టులకు ఇదే చేయమంటాను. నా పనికి చాలదు.

మే 4

ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు, "మామా, నేను త్రీడీ ప్రింటర్‌లో చేసిస్తా" అన్నాడు. కొలతలు రాసిచ్చా. రెండు రోజుల్లో ముచ్చటైన హోల్డర్ జత తెచ్చాడు. మోటారు అరగంట బాగా నడిచింది. తర్వాత శబ్దం మారింది. ఆపి చూస్తే బ్రష్షు బయటికి రావడం లేదు. వాడు వాడింది పీఎల్‌ఏ ప్లాస్టిక్. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల తిరుపతి ఎండలో మేడమీద గది, దానికి తోడు బ్రష్షు వేడి. మెత్తబడక ఏమవుతుంది? కారులోంచి వచ్చిన పలకకు ఏం జరిగిందో దీనికీ అదే జరిగింది.

అయితే ఆ ప్రింటు వృథా కాలేదు. రూపం, కొలతలు, మరలు పడే చోటు అన్నీ దానితోనే తేలాయి. నమూనాగా దాచుకున్నా.

మే 11

మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ మేస్త్రీ ఉన్నాడు. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు విప్పడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. నా రేకులు, ప్లాస్టిక్ గూళ్లు రెండూ చూపించాను. బ్రష్షును గూట్లో పెట్టి వేలితో ఆడించి చూసి, "ఇంత బిగువు పెట్టబాకు నాయనా. గూట్లో పావురం మాదిరి ఉండాల బ్రష్షు. రావాల, పోవాల. అడ్డంగా మాత్రం ఊగకూడదు" అన్నాడు.

నేను ఇన్నాళ్లూ బ్రష్షు కదలకుండా ఎలా పట్టుకోవాలా అని ఆలోచిస్తున్నా. ఆయన మాటతో లెక్క తిరగబడింది. బ్రష్షు అరుగుతూనే ఉంటుంది. అరిగినంత మేర స్ప్రింగు దాన్ని ముందుకు తోయాలి. గూడు గోడలు ఆ తోపులో కాస్త మింగినా కొసన ఒత్తిడి తగ్గుతుంది, రవ్వలు వస్తాయి. ఇక ఏ హోల్డర్ చేసినా నా మొదటి పరీక్ష ఒక్కటే: స్ప్రింగు లేకుండా గూడు నిలువుగా పట్టుకుంటే బ్రష్షు తన బరువుతో తానే జారి అరచేతిలో పడాలి.

మే 18, 25

రెండు ఆదివారాలూ ఇత్తడి పనికే పోయాయి. ఎవరైనా చేయాలనుకుంటే పనికొస్తుందని ఈ భాగం వివరంగా రాస్తున్నా.

రేకు అర మిల్లీమీటరు మందం. పాత్రలకు మాట్లు వేసే ఆయన దగ్గర తూకానికి 60 రూపాయలకు ఇచ్చిన ముక్క నాలుగు జతలకు సరిపోతుంది. ముందు దాన్ని గ్యాస్ పొయ్యి మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చాను. అలా చేస్తే ఇత్తడి మెత్తబడి మూలల దగ్గర చిట్లకుండా వంగుతుంది.

నా బ్రష్షు కొలత 5 × 6 మిల్లీమీటర్లు. అదే కొలతకు ఒక ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి అచ్చుగా పెట్టుకున్నా. బ్రష్షునే అచ్చుగా వాడకూడదు, వైసులో పెట్టి బిగిస్తే చిట్లిపోతుంది. అచ్చు చుట్టూ మామూలు జిరాక్స్ కాగితం ఒక పొర చుట్టి, దాని మీద రేకు వంచాలి. కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. తర్వాత కాగితం లాగేస్తే బ్రష్షుకు నాలుగు వైపులా అంత ఖాళీ మిగులుతుంది. ఇంతకన్నా తక్కువైతే కార్బన్ పొడి చేరి ఇరుకుతుంది. ఎక్కువైతే బ్రష్షు పక్కకు ఒరిగి కటకటలాడుతుంది.

రేకు వెడల్పు 22 మిల్లీమీటర్లు కోశాను. వంచాక రెండు అంచులూ కలవవు, నడుమ 2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందును టంకంతో మూయలేదు. ఎందుకు వదిలానో స్ప్రింగు దగ్గర చెబుతా.

మొదటి గూడు జారుడు పరీక్షలో తప్పింది. వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి మూలలు పూర్తి చదరంగా లేవు, వంపు తిరిగి ఉన్నాయి. బ్రష్షు అంచులు ఆ వంపులకు తగిలి ఆగుతున్నాయి. మూలల్ని సరిచేయడం మన చేతి పనిముట్లతో అయ్యేది కాదు. అందుకని బ్రష్షు నాలుగు నిలువు అంచులనూ ఉప్పు కాగితం మీద రెండేసి సార్లు గీసి మొన తీసేశా. గూడు నోటి దగ్గర కోతలో లేచిన గరుకును సన్న ఆకురాయితో తీశా. మళ్లీ నిలువుగా పట్టుకుంటే బ్రష్షు చప్పుడు లేకుండా అరచేతిలోకి దిగింది. ఆ రోజు అది పదిసార్లు చేసి చూసుకున్నాను, అంత బాగుంది.

గూళ్లు కూర్చోవడానికి మూడు మిల్లీమీటర్ల హైలం షీటు. స్విచ్ బోర్డులకు వాడే ఈ షీటు కరెంటును పోనివ్వదు, ఇంత వేడికి మెత్తబడదు. ఎలక్ట్రికల్ అంగట్లో తుంపు ముక్క 40 రూపాయలు. గూడు అడుగున వదిలిన రెండు చెవుల్ని షీటులో చీలికల్లోంచి దూర్చి కింద మెలిపెట్టాను. గూడు నోటికీ కమ్యుటేటర్‌కూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు వదిలా. ఇంకా దూరం పెడితే బయటికి పొడుచుకొచ్చిన బ్రష్షు కొస ఊగుతుంది. షీటును మోటారుకు బిగించే మర కన్నాలు గుండ్రంగా కాకుండా పొడుగ్గా కోశాను, తర్వాత షీటును అటూ ఇటూ తిప్పుకోవడానికి వీలుగా.

జూన్ 1

స్ప్రింగుల సంగతి. ముందు బాల్‌పెన్ను స్ప్రింగులు పెట్టాను. బ్రష్షుకు తోక తీగ పెట్టకుండా కరెంటును స్ప్రింగు గుండానే పంపాను. మోటారు సగం వేగంతో లేచింది, నిమిషంలో స్ప్రింగు ఎర్రబడి కుంగిపోయింది. తర్వాత కొలిస్తే ఒక్కో స్ప్రింగు ఒకటిన్నర ఓమ్. రెండు కలిపి మూడు ఓమ్‌లు దారిలో అడ్డం పెట్టినట్టు అయింది. స్ప్రింగు పని తోయడమే. కరెంటుకు విడిగా మెత్తటి రాగి అల్లిక తీగ ఉండాలి. అంగట్లో దొరికే బ్రష్షులకు ఆ తోక ముందే ఉంటుంది. లేకపోతే టంకం పీల్చే విక్ ముక్క కూడా పనిచేస్తుంది.

తోక పెట్టాక పెన్ను స్ప్రింగు వేడెక్కలేదు. కానీ ఒత్తిడి నిలవలేదు. వంటింటి తూకం మిషను మీద బ్రష్షు కొస ఆనేలా హోల్డర్‌ను పట్టి కొలిచాను. కొత్త బ్రష్షుతో 95 గ్రాములు. బ్రష్షు నాలుగు మిల్లీమీటర్లు అరిగితే ఎంత ముందుకు వస్తుందో అంత జరిపి చూస్తే 45. సగం కన్నా తక్కువ. పెద్ద మోటార్లలో బ్రష్షు ముఖం చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల పైచిలుకు ఒత్తిడి పెడతారు. అదిరే చిన్న మోటార్లకు ఇంకా ఎక్కువ కావాలి. నేను 300 అనుకున్నా. నా బ్రష్షు ముఖం 0.3 చదరపు సెంటీమీటరు, అంటే 90 గ్రాములు. 45 దగ్గర రవ్వలు ఖాయం.

ఆ వారం ఊరికి వెళ్లినప్పుడు అమ్మ గాజులకు వేలాడుతున్న పిన్నీసులు కళ్లబడ్డాయి. పిన్నీసు తోకన ఒక చుట్టు ఉంటుంది, దానికి పొడుగాటి చెయ్యి ఉంటుంది. కావలసింది అదే. "అమ్మా, పెద్దది ఒకటి ఇయ్యి" అంటే, "గాలిపెట్టెకు పిన్నీసేందిరా?" అంటూనే రెండు తీసిచ్చింది.

టోపీ కత్తిరించి, చుట్టును షీటు మీద చిన్న మరకు తొడిగాను. ఒక చెయ్యి షీటుకు ఆనుతుంది, రెండోది బ్రష్షు వీపును నొక్కుతుంది. గూటి పక్కన వదిలిన సందు దీనికే. బ్రష్షు అరిగేకొద్దీ ఆ చెయ్యి సందులోంచి లోపలికి దిగుతుంది. చేతి కొసకు వైరు తొడుగు ముక్క ఒకటి ఎక్కించా, కరెంటు పిన్నీసులోకి పోకుండా, బ్రష్షు వీపు కోసుకోకుండా. చెయ్యి 30 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి నాలుగు మిల్లీమీటర్లు కదిలినా చుట్టు విప్పుకునేది ఎనిమిది డిగ్రీలే. తూకంలో మొదట 88 గ్రాములు, నాలుగు మిల్లీమీటర్లు జరిపాక 70. ఇది చూశాక పెన్ను స్ప్రింగుల వైపు మళ్లీ చూడలేదు.

జూన్ 8

బ్రష్షు ఏ సరుకుతో చేసిందన్నది కూడా చూసుకోవాలి. మొదట మిక్సీ బ్రష్షుల్నే అరగదీసి వేశాను. మామూలు కార్బన్ బ్రష్షుకూ కమ్యుటేటర్‌కూ మధ్య సుమారు ఒక వోల్టు పోతుంది, రెండింటికీ కలిపి రెండు. 230 వోల్టుల మిక్సీకి అది లెక్కలోకి రాదు. 12 వోల్టుల్లో ఆరో వంతు పోయినట్టే. తక్కువ వోల్టుల మోటార్లకు రాగి పొడి కలిపిన బ్రష్షులు వేస్తారు, వాటిలో ఈ నష్టం చాలా తక్కువ. మేస్త్రీ చెప్పినట్టు బైకు సెల్ఫ్ మోటారు బ్రష్షుల జత 80 రూపాయలకు తెచ్చి, హాక్సా బ్లేడుతో కోసి, అద్దం మీద పరిచిన ఉప్పు కాగితంపై రుద్ది కొలతకు తెచ్చాను. అరిగిన ముఖం రాగి మెరుపుతో ఉంటుంది, చూడగానే తేడా తెలుస్తుంది. అదే బ్యాటరీ, అదే ఫ్యాను, చేతికి తగిలే గాలి స్పష్టంగా పెరిగింది.

రుద్దేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి. ఆ పొడి కరెంటును మోస్తుంది కూడా, మోటారు లోపల వదిలేయకూడదు.

జూన్ 15

బ్రష్షు ముఖాన్ని కమ్యుటేటర్ వంపుకు సరిపోల్చడం. కమ్యుటేటర్ చుట్టూ ఉప్పు కాగితం గరుకు వైపు బయటికి ఉండేలా చుట్టి, బ్రష్షు దాని మీద ఆనగా, మోటారు తిరిగే దిక్కులోనే చేత్తో తిప్పాలి. ఎమరీ కాగితం వద్దు. దాని రజను రాగి ముక్కల సందుల్లో చేరితే కరెంటు దాటుతుంది. ఇరవై చుట్లకు ముఖమంతా ఒకే రకంగా గీతలు పడ్డాయి. సందుల్ని టూత్ బ్రష్షుతో దులిపి, మోటారు లోపల గాలి కొట్టాను.

తర్వాత మరలు కొంచెం వదులు చేసి, మోటారు నడుస్తుండగా షీటును మెల్లగా తిప్పుతూ రవ్వలు చూశాను. తిరిగే దిక్కుకు ఎదురుగా కాస్త జరిపిన చోట రవ్వలు దాదాపు మాయమయ్యాయి. అక్కడే బిగించేశా. బ్యాటరీ తీగలో పది ఆంపియర్ల ఫ్యూజు వేశా.

ఇదంతా 12 వోల్టులకే. కుట్టు మిషను మోటారో, మిక్సీనో 230 వోల్టుల మీద నడుస్తుంది. అందులో ఇలా తెరిచి ఉన్న ఇత్తడి గూళ్లు ప్రాణం తీస్తాయి. దయచేసి వాటికి ఇది చేయకండి.

జూన్ 29

ఊళ్లో మూడు రోజులు కలిపి పదకొండు గంటలు నడిచింది. యూపీఎస్‌లో ఉండే ఏడు ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒక ఛార్జికి రెండు గంటలకు కాస్త తక్కువ ఇస్తోంది. అమ్మ చేటలోంచి పప్పును గాలికి ఎదురుగా వదులుతుంటే ఎర్ర పొట్టంతా గోడ వైపు ఎగిరిపోయింది. మొదట గాలి మరీ ఎక్కువై పుచ్చు పప్పుతో పాటు మంచిది కూడా పోయింది. ముందు ఒక అట్ట అడ్డం పెట్టి సరిచేశాం.

రాత్రి విప్పి చూశాను. కమ్యుటేటర్ మీద చాక్లెట్ రంగు పొర పట్టింది. అది పట్టడం మంచిది, మెరిసేలా రుద్ది తీసేయకూడదు. వెర్నియర్‌తో కొలిస్తే ఒక బ్రష్షు 0.2 మిల్లీమీటర్లు, రెండోది 0.3 అరిగింది. తేడా ఎందుకో రెండో వైపు తూకం వేస్తే తెలిసింది, అటు పిన్నీసు 104 గ్రాములు నొక్కుతోంది. చేతిని కొద్దిగా విప్పి 90కి తెచ్చాను. పొట్టు దుమ్ము కూడా గూళ్ల దాకా వస్తోంది. పాత బనియను గుడ్డతో గాలి వచ్చే వైపు ఒక తెర కట్టా. బ్రష్షులు రెండూ తీసి, గూళ్లు తుడిచి, మళ్లీ నిలువుగా పట్టుకుంటే ఇంకా అలాగే జారి చేతిలో పడుతున్నాయి.